ఫైరింజన్ దూరంగా ఎందుకు ఆగింది? యాసిడ్ ట్యాంకర్ల మీద పాఠకుల ప్రశ్నలు

పోయిన నెల ఈ పేజీలో వంటగ్యాస్ లీకేజీ గురించి రాశాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో సగం గ్యాస్‌ని వదిలేసి యాసిడ్ ట్యాంకర్ల గురించి అడిగినవే. రాయగడ, కోరాపుట్, గజపతి జిల్లాల్లో ఉండేవాళ్లకి ఆ అనుమానం రావడం సహజమే లెండి. అల్యూమినా (అల్యూమినియం తీసే తెల్ల పొడి) తయారీకి కాస్టిక్ సోడా అనే ఘాటు క్షారం కావాలి, కాగితం తయారీకీ కావాలి, ఆ బండ్లన్నీ మన ఊళ్ల మధ్య నుంచే పోతాయి, సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కేవి కొన్ని, పార్వతీపురం మీదుగా రాయగడ వచ్చేవి కొన్ని. నేను ఫైర్ సర్వీసులో పాతికేళ్లు పైగా చేసి రిటైర్ అయినవాణ్ణి, కెమిస్ట్రీ పండితుణ్ణి కాదు. నాకు తెలిసింది చెబుతాను.

ప్రశ్న: సార్, పొట్టంగి దగ్గర ఘాట్ రోడ్డు మలుపులో మాకు టీ కొట్టు ఉంది. రెండు నెలల కిందట ఒక సల్ఫ్యూరిక్ యాసిడ్ ట్యాంకర్ గట్టుకి ఒరిగి, కింద వాల్వ్ నుంచి కారడం మొదలైంది. ఫైరింజన్ వచ్చింది కానీ బాగా దూరంగా ఆగిపోయింది. దిగినాయన బైనాక్యులర్‌తో చూస్తూ, ఫోన్ మాట్లాడుతూ నిలబడ్డాడు. అరగంట దాకా చుక్క నీళ్లు కొట్టలేదు. మా కుర్రాళ్లు బకెట్లు పట్టుకుని పోతే తిట్టి వెనక్కి తోలారు. భయపడ్డారా, పని రాదా?

జవాబు: భయపడ్డారు, భయపడాలి కూడా. పని రాదన్నది మాత్రం ఒప్పుకోను.

ఆ బైనాక్యులర్ ట్యాంకర్ మీదున్న బోర్డు చదవడానికి. ప్రమాదకరమైన సరుకు మోసే బండికి ఆ బోర్డు ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోనే రాసి ఉంది. సరుకు పేరు, ఆ సరుకుని గుర్తించే నాలుగంకెల యూఎన్ (ఐక్యరాజ్యసమితి) నంబరు, ఏం చేయాలో చెప్పే చిన్న కోడ్, ఫోన్ నంబరు అందులో ఉంటాయి. 1830 అంటే సల్ఫ్యూరిక్, 1789 అంటే హైడ్రోక్లోరిక్, 1824 అంటే కాస్టిక్ సోడా ద్రావణం. సల్ఫ్యూరిక్‌కి ఇచ్చిన కోడ్ 2పి. ఆ 2 అంకెకి అర్థం, నీళ్లు వాడాల్సి వస్తే మంచు పడ్డట్టు సన్నగా చల్లమని. పి అంటే ఈ సరుకు ఉన్నట్టుండి తిరగబడొచ్చు, దగ్గరికి పోయేవాడు కెమికల్ సూటు వేసుకుని, వీపున గాలి సిలిండర్ తగిలించుకునే పోవాలి. ఇది చదవకుండా ఉరికే ఫైర్‌మన్ ఉంటాడే, కాసేపటికి వాణ్ణి మోసుకురావడానికి ఇంకో ఇద్దరిని పంపాల్సి వస్తుంది. అలాంటిది చూశాను కాబట్టే చెబుతున్నాను.

ఫోన్ కూడా ఊసుపోక మాట్లాడింది కాదు. బోర్డు మీది నంబరుకి చేసి, యాసిడ్ ఎంత గాఢత, ట్యాంకులో ఎంత ఉంది, మార్చి పోసుకోవడానికి ఖాళీ ట్యాంకర్ ఎంతసేపట్లో వస్తుంది అని అడుగుతారు. ఇంకోపక్క పోలీసులతో రోడ్డు ఆపించాలి. ఇలాంటి ద్రవం కారుతుంటే ముందు అన్ని వైపులా కనీసం 50 మీటర్లు ఖాళీ చేయించాలని లెక్క, ట్యాంకర్‌కి మంట కూడా అంటుకుంటే అది 800 మీటర్లు అవుతుంది. ఈసారి గమనించండి, బండిని వాలుకి పై వైపు, గాలి తమ వీపుకి తగిలేలా ఆపుతారు, మూతి కూడా వెనక్కి తిప్పి పెడతారు. ఎందుకో మీకే అర్థమవుతుంది.

ఇక మీ బకెట్ల సంగతి. గాఢ సల్ఫ్యూరిక్ లీటరుకి 1.84 కిలోలు తూగుతుంది. అంత బరువైన దాని మీద నీళ్లు పోస్తే అవి పైనే ఉండి, రెండూ కలిసే చోట పుట్టే వేడికి అక్కడికక్కడే మరిగి, యాసిడ్‌ని వెంటేసుకుని మొహం మీదకి ఎగురుతాయి. కాగిన నూనె మూకుట్లో నీటిచుక్క పడితే ఏమవుతుందో బజ్జీలు వేసే మీకు నేను చెప్పాలా.

పోనీ బకెట్లు కాదు, ఫైరింజన్ నీళ్లన్నీ ఒకేసారి కుమ్మరిస్తే? నిజానికి ఆ 2పి కోడ్ పలచన చేయడాన్ని పూర్తిగా కాదనదు, కొద్దిగా ఒలికితే, చుట్టుపక్కల గెడ్డ (వాగు) గానీ బావి గానీ లేకపోతే దూరం నుంచి పుష్కలంగా నీళ్లతో కడిగేస్తారు. కానీ లెక్క వేసి చూడండి. ఒక్క లీటరు గాఢ యాసిడ్‌ని ఉత్త నీళ్లతోనే పిహెచ్ (పులుపుని కొలిచే అంకె, తగ్గేకొద్దీ పులుపెక్కువ) 3 దాకా తేవాలంటే దాదాపు 35 వేల లీటర్లు కావాలి, అంటే 4,500 లీటర్ల ఫైరింజన్లు ఎనిమిది. పిహెచ్ 3 అంటే అప్పటికీ వెనిగర్‌కి దగ్గరి పులుపే. అదీ ఒక్క లీటరుకి. మీ మలుపులో కారింది ఎన్ని వందల లీటర్లో! నీళ్లు కొట్టి ఉంటే ఒక చోట మడుగు కట్టిన విషం పారే విషమై మీ కొట్టు ముందు నుంచే గెడ్డలోకి దిగేది.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు, చేరిన కొత్తలో నాకూ తెలీదు. గాఢ సల్ఫ్యూరిక్‌ని మామూలు ఇనప ట్యాంకర్లోనే తెస్తారు, అంత గాఢంగా ఉన్నప్పుడు అది ఇనుము మీద ఒక పొర కట్టి ఇక ముందుకు తినదు. అందులోకి నీళ్లు చేరి పలచబడిందా, అదే ట్యాంకుని తినడం మొదలుపెడుతుంది, పైగా హైడ్రోజన్ వస్తుంది. ఆ గ్యాస్‌కి ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే ట్యాంకు లోపలికి చుక్క నీరు పోనివ్వరు, మూత తెరిచి తొంగి చూడనివ్వరు, బీడీ ముట్టించినవాణ్ణి తిట్టి తోలేస్తారు. మీ కుర్రాళ్లు తిన్న తిట్లలో కొన్ని దానికి కూడా అయ్యుంటాయి.

దగ్గరికి పోవడానికి ఆలస్యం ఎందుకంటే, మంటల్లోకి వేసుకుపోయే కోటు యాసిడ్‌కి పనికిరాదు. అది వేడిని ఆపుతుంది, ద్రవాన్ని పీల్చుకుంటుంది. ఒకసారి మాలో ఒకడు రోడ్డు పక్కన తడిగా ఉన్న జాగాలో కాలు పెట్టాడు, అరచెయ్యంత మడుగు, అంతే. తోలు బూటు. అరగంట తర్వాత 'సాక్సు తడిసినట్టుందేంటి' అన్నాడు. బూటు విప్పితే కుట్టు వెంబడి దారం లేదు, నూలు సాక్సు కాలిన కాగితంలా వేళ్ల మధ్య రాలిపోయింది. విచిత్రమేమిటంటే పాలిస్టర్ కలిసిన ఖాకీ ప్యాంటు బాగానే ఉంది, లోపలి నూలు బనియన్ మీద ఎక్కడ తుంపర పడిందో ఇంటికెళ్లి ఉతికాక గానీ తెలియలేదు, జల్లెడలా చిల్లులు. పాదం పోలేదు, మచ్చ ఉండిపోయింది. అప్పటి నుంచి నా మటుకు నేను, సూటు లేకుండా ఎవణ్ణీ ఆ ఖాళీ చేయించిన హద్దు దాటనివ్వలేదు.

అరగంట తర్వాత సూటు వేసుకున్న ఇద్దరు మట్టితో, ఇసకతో అడ్డుకట్ట వేసి ఉంటారు. అదే అసలు పని. రంపంపొట్టు మాత్రం వేయకూడదు, నూనె ఒలికితే వేసే అలవాటు మనకి ఉంది కానీ గాఢ యాసిడ్ దాన్ని మాడ్చేస్తుంది, అంటుకోవచ్చు కూడా. వాల్వ్‌కి చెక్క బిరడా కొట్టినా అదే గతి.

తర్వాత మీ కుర్రాళ్లకి కోపం వచ్చిన మాట. ఆ సిబ్బంది ఒడియా వాళ్లు, 'పాఖకు ఆస నాహిఁ' అని అరిచి ఉంటారు, మన వాళ్లకి అది రమ్మన్నట్టు వినపడిందో ఏమో. దగ్గరికి రావొద్దు అని దానర్థం. రెండు భాషలూ వచ్చిన మీలాంటివాళ్లు ఆ పక్కన నిలబడి తెలుగులో చెబితే బకెట్ పట్టుకోవడం కంటే పెద్ద సాయం.

ప్రశ్న: నేను రాయగడలో రిటైర్డ్ టీచర్ని. అలాంటి యాసిడ్ నాగావళిలో కలిస్తే మాకే కాదు, కింద పార్వతీపురం వైపు వాళ్లకీ ప్రమాదమే కదా. ఊళ్లో సున్నం బస్తాలు నిలవ పెట్టుకుంటే సరిపోదా?

జవాబు: మాస్టారూ, నది సంగతి బాగా అడిగారు. నాగావళి నీళ్లు దిగువన తోటపల్లి బ్యారేజి దగ్గర ఆగుతాయి, అక్కడి నుంచి పొలాలకి పోతాయి. అందుకే నదిలో కలిశాక చేసే పనికంటే నదికి ముందే, రోడ్డు పక్క కాలవలో, గెడ్డ మొదట్లో రెండు మూడు చోట్ల మట్టికట్టలు వేయడం ముఖ్యం. పొక్లెయిన్ ఎవరికి ఉందో మీ ఊళ్లో అందరికీ తెలుసు, ఆ నంబరు ఫైర్ స్టేషన్ వాళ్ల దగ్గర ఉందా? అది చూడండి ముందు. కలిసిపోతే మాత్రం రాష్ట్రం సరిహద్దు అని చూడకుండా దిగువ జిల్లా వాళ్లకి వెంటనే కబురు పోవాలి, పంపులు ఆపించాలి.

సున్నం బస్తాలు ఎందుకు చాలవో, యాసిడ్‌ని విరిచే ఇంకో సరుకు సోడాతో లెక్క చెబుతాను. 100 లీటర్ల గాఢ సల్ఫ్యూరిక్‌ని విరవాలంటే సోడా యాష్, అదే చాకలి సోడా, దాదాపు 195 కిలోలు పడుతుంది, 50 కిలోల బస్తాలు నాలుగు. 20 వేల లీటర్ల ట్యాంకర్ మొత్తం పోతే సుమారు 39 టన్నులు. ఊరి గోడౌన్లో ఎన్ని బస్తాలు పెడతారు? పైగా సోడా వేసినప్పుడు బుస్సున నురగ పొంగి గ్యాస్ వస్తుంది, వేడి పుడుతుంది, రాయిగా ఉన్న పచ్చి సున్నం వేస్తే ఆ వేడి ఇంకా ఎక్కువ. కాబట్టి ముందు కట్ట, తర్వాత మిగిలింది ఎత్తి పోయడం, చివర్లో నేల మీద మిగిలిన దానికి అంచుల నుంచి కొంచెం కొంచెంగా సోడా. ఇది సూటు వేసుకున్నవాళ్ల పని, ఊరివాళ్లది కాదు.

ప్రశ్న: అన్నా, మాది గుణుపూర్, ట్యాంకర్ మీద క్లీనర్‌ని. మేం మోసేది కాస్టిక్. యాసిడ్ కాదు, ఉత్త సోడా, ఏం కాదు అంటాడు మా డ్రైవర్. మొన్న పైపు విప్పుతుంటే చేతి మీద పడింది, సబ్బులా జారింది, మంట ఏం లేదు. తుడిచేసుకున్నాను. రాత్రికి తోలు ఊడింది. ఎందుకలా?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ చెయ్యి డాక్టర్‌కి చూపించు, మిగతాది తర్వాత చదువు.

మీ డ్రైవర్ మాట నమ్మకు. అది వంటసోడా కాదు. యాసిడ్ పడితే వెంటనే మండుతుంది కాబట్టి మనిషి గంతేసి కుళాయి దగ్గరికి పరిగెడతాడు. కాస్టిక్ అలా కాదు, ముందు జారుతుంది. ఆ జారుడు ఎక్కడిది అనుకున్నావ్? నీ చర్మంలోని కొవ్వునే అది సబ్బుగా మారుస్తోంది. నొప్పి తెలిసేలోపు లోపలికి దిగిపోతుంది. కంట్లో పడితే యాసిడ్ కంటే ప్రమాదం, లోతుకి పోతూనే ఉంటుంది. తుడిస్తే పోదు. పారే నీటి కింద కనీసం 20 నిమిషాలు, ఓపికుంటే అరగంట, జారుడు పోయినా ఆపకూడదు. తడిసిన చొక్కా నీళ్ల కిందే విప్పేయాలి. కంట్లో అయితే రెప్పలు వేళ్లతో విడదీసి పట్టుకుని కడగాలి, కాంటాక్ట్ లెన్స్ సులువుగా వస్తే తీసేయాలి. క్షారానికి విరుగుడు పులుపు కదా అని నిమ్మకాయ పిండడం, వెనిగర్ పోయడం, యాసిడ్ పడ్డచోట సున్నం పూయడం, పసుపు, కొబ్బరినూనె, టూత్‌పేస్ట్, ఇవన్నీ వద్దు. నీళ్లు, ఆసుపత్రి, అంతే. నిప్పు లేకపోయినా ఫైరింజన్ నీళ్లకి ఇలాంటి చోట ఎంతో విలువ. యాసిడ్ పడ్డ డ్రైవర్‌ని మేం ముట్టుకోకముందే 'ఇటు నడువు, ఇటు నడువు' అని పిలిచి, తక్కువ ప్రెషర్‌తో దూరం నుంచే తడిపేసేవాళ్లం. పైన రోడ్డు మీద నీళ్లు కొట్టొద్దన్నాను, మనిషి మీద కొట్టాలంటున్నాను. తేడా అర్థమైంది కదా.

ఘన రూపంలో, పలుకులుగా ఉన్న కాస్టిక్ పడితే మాత్రం ముందు పొడిగా దులిపేసి ఆ తర్వాత కడగాలి.

ఇంకో రెండు మాటలు నీ ఉద్యోగం కోసం. కాస్టిక్‌కీ అల్యూమినియంకీ పడదు, కలిస్తే హైడ్రోజన్ వస్తుంది, అందుకని కారిన కాస్టిక్‌ని అల్యూమినియం తపేలాలో పట్టొద్దు, మా ఫైర్ వాళ్లు కూడా అల్యూమినియం నిచ్చెన అందులో పెట్టరు. రెండోది, 50 శాతం కాస్టిక్ 12 డిగ్రీల దగ్గరే గడ్డకట్టడం మొదలుపెడుతుంది. చలికాలం రాత్రి కోరాపుట్ కొండల మీద బండి నిలిపితే పైపులో బిగుసుకుపోతుంది, పొద్దున్నే పైపు కింద కాగడా పెట్టి కరిగించేవాళ్లని చూశాను. అలా చేస్తే లోపల ఒత్తిడి పెరిగి, ఫ్లాంజ్ (పైపుల అతుకు) వదులు చేయగానే కాగిన కాస్టిక్ మొహం మీదకి కొడుతుంది. ప్రమాదకర సరుకు నడిపే డ్రైవర్‌కి మూడు రోజుల ట్రైనింగ్ ఉండాలి, క్యాబిన్లో ఆ సరుకు గురించిన కార్డు ఉండాలి. ఆ కార్డు ఎక్కడుందో నువ్వు కూడా చూసి పెట్టుకో. అడిగితే డ్రైవర్ నవ్వుతాడు, నవ్వనీ.

ప్రశ్న: పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను సార్. ఫైర్‌మన్ ఉద్యోగానికి ప్రిపేర్ అవుతున్నాను. కెమికల్ సూటులో ఎంతసేపు పని చేయొచ్చు?

జవాబు: నువ్వనుకునే దానికంటే చాలా తక్కువ. 6.8 లీటర్ల సిలిండర్‌లో 300 బార్ ఒత్తిడితో సుమారు 2,000 లీటర్ల గాలి పడుతుంది. నిమిషానికి 40 లీటర్లు పీలుస్తావనుకుంటే 50 నిమిషాలు వస్తుంది కాగితం మీద. కానీ పని చేసేవాడు అంతకంటే ఎక్కువ పీలుస్తాడు, టెన్షన్ ఉంటే ఇంకా ఎక్కువ. నడిచి వెళ్లడానికి, తిరిగి రావడానికి గాలి కావాలి. అన్నిటికంటే ముఖ్యం, వచ్చాక సూటు మీద నీళ్లు కొట్టి కడిగేదాకా మాస్క్ తీయకూడదు, దానికీ గాలి మిగలాలి. ఇదంతా పోగా చేతికి మిగిలేది పదిహేను, ఇరవై నిమిషాల పని. మే నెలలో అదీ ఉండదు, సూటులోంచి చెమట బయటికి పోదు, బూట్లలో నీళ్లు నిలుస్తాయి, అద్దం మసకబారుతుంది, పక్కవాడి మాట వినపడదు. సైగలు ముందే మాట్లాడుకుని పోవాలి.

ఒంటరిగా ఎవరూ పోరు. ఇద్దరు లోపలికి, అదే సూటుతో ఇద్దరు బయట రెడీగా. కడిగే చోటు ముందు సిద్ధం చేశాకే లోపలికి అడుగు, మా పాత ఆఫీసర్ ఈ ఒక్క విషయంలో దేవుడు చెప్పినా వినేవాడు కాదు. సూటు విప్పేటప్పుడు లోపలి వైపు బయటికి వచ్చేలా చుట్టుకుంటూ, నువ్వు ముట్టుకోకుండా ఇంకొకడు విప్పాలి. ఎక్కువ దెబ్బలు తగిలేది ఇక్కడే, పని అయిపోయింది కదా అని గ్లవ్స్ ముందు లాగేసినప్పుడు. పరీక్షలో ఇది అడుగుతారో లేదో తెలీదు, ఉద్యోగం మాత్రం అడుగుతుంది.

ప్రశ్న: బరంపురంలో బంగారం పని చేస్తాం. కొట్లో నైట్రిక్ యాసిడ్ సీసా పగిలితే ఏం చేయాలి?

జవాబు: గోధుమ రంగు పొగ కనపడితే ఏదీ తుడవొద్దు, బయటికి వచ్చేయండి, తలుపులు తెరిచి పెట్టండి, 112కి గానీ 101కి గానీ ఫోన్ చేయండి. ఆ పొగ పీల్చినవాడు గంటసేపు బాగానే ఉండి రాత్రికి ఊపిరాడక ఇబ్బంది పడొచ్చు, అందుకని దగ్గు తగ్గిందని ఊరుకోకుండా ఆసుపత్రిలో ఉంచండి. పొడి ఇసక ఒక డబ్బాలో ఉంచుకోండి, పొట్టు, గుడ్డపీలికలు వేయొద్దు. ఆ సీసా బల్ల మీద కాకుండా నేల మీద, ఒక గాజు ట్రేలో పెడితే సగం బాధ ఉండదు.

ప్రశ్న: మా ఊరు రాయగడ నుంచి పార్వతీపురం పోయే రోడ్డు మీద. ఏ ట్యాంకర్ బోల్తా పడ్డా మా వాళ్లు టిన్నులు పట్టుకుని పరిగెడతారు, నూనె దొరుకుతుందని. మా మరిది కూడా అంతే. ఎలా ఆపాలో చెప్పండి. (ఒక గృహిణి)

జవాబు: అమ్మా, ఈ ఉత్తరం చదివి నాకు నిజంగా భయం వేసింది. గాఢ సల్ఫ్యూరిక్ చూడ్డానికి అచ్చం నూనెలాగే ఉంటుంది, చిక్కగా, నెమ్మదిగా జారుతుంది, మామూలు వేడిలో పొగ రాదు, ఘాటు వాసనా రాదు. పొగ లేదు కదా అని దగ్గరికి పోతారు. హైడ్రోక్లోరిక్ నయం, వానాకాలం గాలిలో తెల్లగా పొగలు కక్కుతూ తనే తోలేస్తుంది.

మీ మరిదికి చెప్పాల్సింది ఒక్కటే, టిన్ను బదులు ఫోన్ తీసుకెళ్లమనండి. దూరం నుంచే, కావాలంటే కెమెరా జూమ్ చేసి, ఆ బోర్డు ఫోటో తీయమనండి. 112కి ఫోన్ చేసి ఆ నాలుగంకెలు చదవమనండి, బండి ఏ ఊరి దగ్గర, ఏ మైలురాయి దగ్గర పడింది, కారేది ఎటు పారుతోంది, పక్కన బావి ఉందా గెడ్డ ఉందా, డ్రైవర్ బయటికి వచ్చాడా, గాలి ఎటు కొడుతోంది, ఇవి చెబితే చాలు. ఊళ్లోంచి అలాంటి ఫోన్ ఒకటి వస్తే, ఆ టీ కొట్టాయన చూసిన అరగంటలో పది నిమిషాలన్నా తగ్గేవి.

ఇంతకీ మీ వాళ్లు ఇంతకుముందు పట్టుకొచ్చిన టిన్నులు ఏవైనా ఇంట్లో ఉన్నాయా? ఉంటే మూత తీయకండి, వాసన చూడకండి, పిల్లలకి అందనివ్వకండి. ఏ ట్యాంకర్ నుంచి పట్టారో గుర్తు తెచ్చుకుని ఫైర్ స్టేషన్‌కి చెప్పండి, వాళ్లే వచ్చి తీసుకెళ్తారు.